హయత్‌నగరు బాట – బందరు రేవు

భాగ్యనగరమునుండి తూర్పుగా బయలుదేరిన పూర్వకాలపు బాటసారికి తొలి మజిలీ హయత్‌నగరము. ఇచ్చట నిలిచి చూచిన వారికి నాడు నలుదెసల కనబడినవి రాతిగుట్టలు, చెఱువులు, మెట్టచేలు. నేడు కనబడునవి మేడలు, వాహనముల బారులు. సముద్రము ఇచ్చటికి రెండువందల మైళ్ళకు పైగా దూరము. ఈ సీమలో పుట్టి పెరిగి, కడలిని ఒక్కమారైనను చూడకయే కాలము చేసిన పెద్దలు ఎందఱో కలరు. అయినను ఈ యూరు వెలయుటకు గల కారణములలో సముద్రమొకటి యనినచో వినువారికి వింతగా తోచవచ్చును. ఊరి నడుమనుండి పోవు బాట ఎచ్చట ముగియునో విచారించినచో ఆ వింత విడిపోవును.

ఆ బాట ముగియునది మచిలీపట్టణమున. జనుల వాడుకలో అది బందరు. బందరనగా పారసీక భాషలో రేవు. గోలకొండ రాజ్యమునకు సముద్రము వైపు తెఱచిన పెద్దవాకిలి అదియే. వాకిటినుండి ఇంటిలోనికి వచ్చు నడవవంటిది ఈ బాట. ఆ నడవలో ఇంటికి చేరువనున్న తిన్నెవంటిది హయత్‌నగరము.

ఈ గ్రామమునకు పేరిచ్చిన హయత్ బక్షీ బేగము సామాన్యురాలు కాదు. ఆమె హైదరాబాదు నిర్మాత మహమ్మదు కులీ కుతుబ్‌షా కూతురు. 1612 మొదలు 1626 వఱకు ఏలిన సుల్తాను మహమ్మదు భార్య. ఆ పిదప 1672 వఱకు ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. తండ్రి, భర్త, కుమారుడు, మువ్వురి రాజ్యమును చూచి, కుమారుని కాలమున రాజ్యభారమును కొంత తానే వహించి, 1667లో ఆమె గతించినది. ఇచ్చటి మసీదు ఆమె పేరనే నిలిచియున్నది. ఎత్తైన తిన్నెమీద ఐదు కమానులతో, రెండు మీనారులతో ఒప్పు ఆ మసీదు చుట్టును బాటసారులు దిగుటకు గదులతో కూడిన సరాయి కలదు. ప్రక్కనే ఏనుగుబావి యని పేరొందిన పెద్దబావి కలదు. ఇన్ని గదులు, ఇంత పెద్దబావి కేవలము ఊరివారి కొఱకు కట్టినవి కావని చూడగనే తెలియును. బాటమీద నడచువారు వేలకు వేలుగా నుండిననే ఇట్టి కట్టడము అవసరమగును.

ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు తావెర్నియే గోలకొండనుండి బందరునకు పోవు బాటను మజిలీ మజిలీగా వ్రాసి పెట్టినాడు. అందు తొలి మజిలీని అతడు తెనారా యని పిలిచినాడు. అది హయత్‌నగరమే యని చరిత్రకారులు తలచుచున్నారు. తోటలతో కూడిన నాలుగు చక్కని భవనములు అచ్చట నుండెననియు, బాటసారులు దిగుటకు కప్పుగల తిన్నెలుండెననియు, బీదలకు వండిన యన్నమును, పరులు వండినది తినని వారికి పిండియు నేయియు ఇచ్చుచుండిరనియు అతడు చెప్పినాడు. పరులు వండినది తినని వాని ఆచారమును గుర్తించి, ఆ మేరకు ఏర్పాటు చేసిన ఆ ధర్మబుద్ధిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఈ వ్యాసము తుదిలో అట్టి ఆచారమే ఒక ఓడమీద పరీక్షకు వచ్చిన కథ రానున్నది.

ఇక బందరు రేవు సంగతి. రేవనగానే ఓడలు గట్టునకు ఆని నిలుచు చోటని మెట్టసీమవారు ఊహింతురు. బందరు అట్టిది కాదు. కృష్ణయు, గోదావరియు ఏటేట కొండలనుండి తెచ్చిన ఒండ్రును సముద్రములో పోయుచుండుటచే ఆ తీరమంతయు చదునైన పల్లము. గట్టునుండి లోనికి పోయినకొలది లోతు అతి మెల్లగా పెరుగును. కావున పెద్ద ఓడలు తీరమునకు సుమారు ఐదు మైళ్ళ దూరముననే లంగరు దింపవలసివచ్చెడిది. అచ్చటనుండి ఊరికి పోవుటకు చిన్న పడవలే గతి. ఆ చిన్న పడవలకైనను ఉప్పుటేటి మొగయొద్ద ఇసుకమేట అడ్డమే.

ఆ మేటను దాటుటకు తాళపుచెవి పోటు. సముద్రపు నీరు దినమునకు రెండుమార్లు పొంగి, రెండుమార్లు తీయును. పొంగుటను పోటనియు, తీయుటను పాటనియు తీరమువారందురు. పున్నమికిని అమావాస్యకును సూర్యచంద్రుల యాకర్షణ ఒక్కటిగా కలియుటచే పోటు హెచ్చు. సప్తమి అష్టముల యందు తక్కువ. పశ్చిమమున ఖంబాతు సింధుశాఖయందు పోటుపాటుల నడుమ తేడా ముప్పది యడుగులవఱకు నుండును. మన ఆంధ్రతీరమున హెచ్చు పోటునాడు సైతము నాలుగైదడుగులే. అనగా బందరు ప్రాంతపు మొగలలో సముద్రుడు ఇచ్చు వరము చాల స్వల్పము. ఆ నాలుగైదడుగులలోనే నావికుడు తన నేర్పును చూపవలెను. ఒక జాము ఆలసించినచో వాకిలి మూసికొనును.

ఓడల నిర్మాణమునందు రెండు తెఱగులు గలవు. దూరసముద్రములకు పోవు తెరచాప ఓడకు అడుగున పొడవైన బలమైన దూలముండును. ఓడకు అది వెన్నెముకవంటిది. ఆ దూలము నీటిలో ఎంత లోతుగా దిగియుండిన ఓడ అంత నిలుకడగా నుండును. ప్రక్కగాలి కొట్టినప్పుడు ఓడ ప్రక్కకు కొట్టుకొనిపోక ముందుకు సాగుటకు కారణము నీటిలో గోడవలె నిలిచిన ఆ అడుగుభాగమే. అడుగున రాళ్ళో, ఇనుమో, సరకో బరువుగా వేసికొనినగాని ఎత్తైన స్తంభములు, విరివియైన చాపలు నిలువవు. ఇన్ని గుణములుగల ఆ లోతే నిస్సారమైన రేవులో శత్రువగును. పాటు తీసినప్పుడు చదునడుగు పడవ బురదమీద పీటవలె కూర్చుండును. మరల పోటు రాగానే లేచి పోవును. లోతడుగు ఓడ అట్లు కూర్చుండనేరదు. ఒక ప్రక్కకు ఒఱిగి, పలకలు విరిగి, సరకు దొర్లి, అలల తాకిడికి చీలిపోవును. నడిసముద్రమున ఏనుగువంటి ఓడ రేవుబురదలో చిక్కుపడిన యేనుగే యగును.

బందరు తీరమువారు దీనికి చేసికొనిన యుపాయము మసూలా పడవ. ఈ పడవ పలకలను మేకులతో గాక కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టుదురు. అల మీదపడి నేలకు కొట్టినప్పుడు మేకులు దిగిన పలక పగులును. కుట్టిన పలక వంగి సర్దుకొనును. అడుగు చదును. కోటలవంటి ఓడలలో వచ్చిన విదేశీయులు ఈ కుట్టుపడవలలో దిగి, మన పల్లెవారి తెడ్లను నమ్మికొనినగాని నేలమీద కాలు పెట్టలేకపోయిరి. కడపటి ఐదు మైళ్ళు మనవారివే. ఈ చిన్న సంగతిని గొప్ప చరిత్రలు తఱచుగా విడిచిపెట్టుచున్నవి.

ఈ తీరపు నౌకావాణిజ్యము క్రొత్తది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలమీ వ్రాసిన భూగోళమున మైసోలియా యను పేర ఈ సీమ కనబడుచున్నది. శాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల ఓడ ముద్రితమైయున్నది. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము లోకమునకే యాదర్శమనదగినది. గాలికి కొట్టుకొనివచ్చి ఒడ్డున పడిన ఓడలలోని సరకంతయు పూర్వరాజులు హరించుచుండగా, ప్రాణముకంటె ధనమునే మిన్నగా నెంచి కడలి దాటి వచ్చు వర్తకులయెడ దయచేత, న్యాయమైన సుంకము తప్ప మఱేమియు గైకొననని ఆ రాజు శిలపై చెక్కించెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఆ రేవు వర్తకులకు మరల అభయమిచ్చెను. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిపతియైన అవచి తిప్పయసెట్టి దీవులనుండి కర్పూరమును, సింహళమునుండి ఏనుగులను, హురుముంజినుండి గుఱ్ఱములను తెప్పించిన వర్తకుడు. ఇట్లు రేవునకు ప్రాణము రెండు వస్తువులని మన పూర్వులు గుర్తించిరి: ఒకటి పోటు, రెండవది మాట. పోటు దైవాధీనము; మాట రాజాధీనము.

ఈ రెంటికిని తగిన యుదాహరణము గ్లోబు అను ఆంగ్లనౌక కథ. 1600లో ఏర్పడిన ఆంగ్లవర్తక సంఘము పంపిన ఏడవ యాత్ర యిది. నాయకుడు ఆంటొని హిప్పను. వర్తకమునకు పెద్దలు పీటరు ఫ్లోరిసు, లూకసు ఆంథెనిసు అను ఇద్దఱు డచ్చివారు. డచ్చివారు 1605లోనే ఈ తీరమునకు వచ్చి కొఠీలు పెట్టుకొనియుండిరి. వారి కొలువు విడిచి, తమకు తెలిసిన సంగతులను ఆంగ్లేయులకు తెచ్చినవారు ఈ ఇద్దఱు. ఓడ 1611 ఆగస్టులో పులికాటు చేరెను. అచ్చట తమకే హక్కు కలదని డచ్చివారు అడ్డగింపగా, ఉత్తరముగా సాగి పెదపల్లి యనబడు నిజాంపట్టణమును, పిదప మచిలీబందరును చేరెను. ఆ కొఠీయే తూర్పుతీరమున ఆంగ్లేయుల తొలి నిలుకడలలో నొకటి. అప్పుడు గోలకొండ సింహాసనమున నున్నవాడు హయత్ బక్షీ బేగము తండ్రి. 1612 జనవరిలో అతడు మరణింపగా ఆమె భర్త రాజయ్యెను. ఆ మార్పును బందరున నుండి ఫ్లోరిసు తన దినచర్యలో వ్రాసికొనినాడు.

అతడు వ్రాసికొనిన మఱియొక సంగతి సుంకముయొక్క తగవు. నూటికి నాలుగని ముందు కుదిరిన మాట. తీరా సరకు దిగిన పిదప నూటికి పండ్రెండని అడిగిరి. మొదటి మాట యేమయ్యెనని యడుగగా రేవు అధికారి తన వంశగౌరవమును చూపి, తన మాటయే చెల్లవలెనని వాదించెను. గణపతిదేవుడు శిలమీద చెక్కించిన దానిని ఇతడు నాలుకమీదనైనను నిలుపలేకపోయెను. లెక్కలు వ్రాయు వారెవ్వరును ఈ భాగమును చదివి నిట్టూర్పక మానరు. సుంకము హెచ్చించినందున ఖజానాకు వచ్చినది కొంచెము. మాట తప్పినందున రేవునకు పోయినది మిక్కిలి.

గ్లోబు అచ్చటనుండి జావాద్వీపమందలి బాంటముకును, మలయదేశపు పటానీకిని పోయెను. 1612లో పటానీయందు నాయకుడు హిప్పను మరణించెను. 1613 చివర ఓడ మరల బందరు చేరునప్పటికి దాని స్థితి దీనముగా నుండెను. వేడినీటి కడలులలో కొయ్యను తొలుచు ఒకజాతి పురుగు ఓడ యడుగును జల్లెడవలె చేయును. అందుకై అసలు పలకపై మఱియొక పలుచని తొడుగుపలక కొట్టుదురు. అది చెడినప్పుడు తీసి మార్చవలెను. పలకల సందులలో పీచు క్రుక్కి కీలు పూయవలెను. ఇదంతయు నడిసముద్రమున లంగరుమీద చేయరాని పని. ఓడను నదిలోనికి తెచ్చి, నీరు తీసినప్పుడు అడుగు బయటపడునట్లు నిలుపవలెను. అట్టి పనికి ఈ తీరమున పేరుపడిన చోటు గోదావరి పాయమీది నరసాపురము. ఓడలను కట్టు వడ్రంగులు, కమ్మరులు, కలపయు అచ్చట సమృద్ధి. డెబ్బదియేండ్లు గడచిన పిదప సైతము ఆంగ్లేయులు ఆ ప్రక్కనున్న మాధవాయపాలెమున ఓడలు కట్టించుకొనుచునే యుండిరి.

చిక్కంతయు మొగయొద్దనే. ఓడ తొమ్మిదడుగులకు పైగా నీటిలో దిగియుండెను. మేటమీద అంత నీరు లేదనియు, పోయినచో ఓడ దక్కదనియు కొందఱు చెప్పిరి. చెప్పినవారు తెలియక చెప్పిరో, పరాయి ఓడ లోనికి వచ్చుట యిష్టములేక చెప్పిరో వారికే తెలియవలెను. రేవులలో లోతు లెక్క ఎల్లప్పుడును రహస్యమే. ఇంటివాడు తన ధాన్యపు పాతఱ లోతును పరులకు చెప్పునా? ఫ్లోరిసు వదంతిని నమ్మి వెనుకంజ వేయలేదు. నమ్మక తొందరపడను లేదు. 1614 ఫిబ్రవరిలో ఓడను మొగ దాటించిరి. కొలిచి చూడగా మేటమీద పదిన్నర యడుగుల నీరు కనబడెను. అనగా ఓడ యడుగునకును ఇసుకకును నడుమ మిగిలినది ఒక యడుగు మాత్రమే!

ఆ ఒక యడుగు ఎట్టిదో మెట్టసీమవారు గ్రహింపవలెను. ఇట్టి మేటను దాటువారు ముందుగా పడవను పంపి, సీసపుగుండు కట్టిన త్రాటితో అడుగడుగున లోతు చూతురు. గుండు క్రింద కొవ్వు పూయుదురు. దానికి అంటుకొని వచ్చినది ఇసుకయో, బురదయో, గవ్వపొడియో చూచి నేల స్వభావమును తెలిసికొందురు. బరువైన సరకును ముందే దింపి ఓడను తేల్తురు. పోటు నిండుటకు ఇంకను కొంచెము సమయముండగనే ప్రవేశింతురు. ఏలయన పొంగుచున్న నీటిలో తగిలిన ఓడను మిగిలిన పోటే లేవనెత్తును. పోటు నిండిన పిదప తగిలినచో మరల అట్టి నీరు వచ్చునంతవఱకు దిక్కులేదు. అది పున్నమి పోటైనచో పక్షము దినములు ఇసుకపై పడియుండవలెను. ఒక్క యల వలన ఓడ లేచి దిగినను అడుగు కొట్టుకొనును. అందుచే గాలి నెమ్మదిగా నున్న దినమునే యెన్నుకొందురు. కాలము, నీరు, గాలి అను మూడును కూడిన ముహూర్తమది. పంచాంగము చేతబట్టి ముహూర్తము పెట్టువారికంటె మొగయొద్ద చుక్కాని పట్టువాడు తిథిని శ్రద్ధగా చూచును.

ఓడ క్షేమముగా నదిలో చేరినది. మరమ్మతు సాగుచుండగా ఆ యేటి ఆగస్టులో ఘోరమైన వరద వచ్చెను. నరసాపురము ప్రాంతమున ఉప్పురాసులు, వరిపొలములు, ఊళ్ళు మునిగి, వేలకొలది జనులును పశువులును కొట్టుకొనిపోయిరని ఫ్లోరిసు వ్రాసెను. అదే కాలమున రాజధానియందును నది పొంగి నాలుగువేల యిండ్లు పోయెననియు, పందొమ్మిది కమానులదియు పదునైదు కమానులదియు నగు రెండు రాతివంతెనల మీదుగా నీరు పాఱెననియు, పెద్దవంతెనలో ఆఱు కమానులు కూలెననియు విని వ్రాసికొనెను. నరసాపురపు నదియు గోలకొండ నదియు ఒక్కటేయని అతడు పొరబడెను. మూసీ కృష్ణలో కలియును, నరసాపురము గోదావరిమీదిది. అయినను ఆ పొరపాటులో ఒక నిజము దాగియున్నది. మేఘము రాజధానియని, రేవని భేదము చూపదు. గుట్టలమీద పడిన వాన రేవులో మేటయగును. మన చెఱువుకట్టలు తెగి పోయిన మట్టియే అచ్చట ఓడకు అడ్డముగా నిలుచును.

వానకారు గడచిన పిదప గ్లోబు నది వెడలి బందరు లంగరుపట్టు చేరెను. స్వదేశమునకు మరలవలసిన కాలము సమీపించెను. ఈశాన్యపు గాలి తప్పినచో మఱియొక యేడు కనిపెట్టవలెను. ఇప్పుడు ఓడకు అడ్డమైనది ఇసుకమేట కాదు, అప్పులమేట. రేవు అధికారియు, అతనికి సంబంధించిన వారును గైకొనిన సరకుల సొమ్ము చెల్లింపరైరి. నేడు రేపు అని త్రిప్పిరి. ఓడవాని తొందర వారికి తెలియును. పోటుకొఱకు ఎదురుచూచిన వానిని మాటకొఱకు గూడ ఎదురుచూడజేసిరి.

ఫ్లోరిసు ఒక సాహసము తలపెట్టెను. సుంకపుచావడి నీటియొడ్డుననే యుండెను. 1614 నవంబరులో ఒకనాడు అధికారి కుమారుడు పరివారముతో అచ్చటికి వచ్చెను. అతని పేరు వెంకటాద్రి. భటుల బల్లెములు వెలుపల గోడకు ఆనించియుండుట చూచి, ఆంగ్లేయులు లోనికి చొఱబడి ఆ యువకుని పట్టి పడవలో పడవైచికొని పోయిరి. రేవంతయు గగ్గోలయ్యెను. పడవ తిన్నగా సముద్రములోనికి పోలేదు. కాలువలో లోతున్న దారి కొంతదూరము ఒడ్డు ప్రక్కనే సాగును. కావున తఱుముచున్న జనుల కన్నుల యెదుటనే, అందుకొనునంత చేరువలో, గట్టు వెంబడియే తెడ్లు వేయవలసివచ్చెను. నిస్సారమైన రేవు వారిని కూడ కొంతసేపు బందీలుగా చేసినది. ఎట్టకేలకు దాటి ఓడ నెక్కిరి.

ఓడమీద మఱియొక చిక్కు. వెంకటాద్రి బ్రాహ్మణుడు, పరులు వండినదానిని ముట్టడు, పరుల యింట నీరైనను త్రాగడు. ఓడలో దినములు గడచుచుండ అతడు ఉపవాసముండెను. అతని దీనతకు జాలిపడి, తగిన పెద్దమనుష్యులు ఇద్దఱు వానికి మాఱుగా వచ్చినచో విడిచెదనని ఫ్లోరిసు కబురంపినను, ముందుకు వచ్చినవారు లేరు. అప్పు చేసినవారు గట్టున సుఖముగా భుజించుచుండ, అప్పునకు సంబంధము లేనివాడు సముద్రముమీద ఆకలితో నుండెను. తుదకు బాకీ తేలినది. ఆ నెల చివర ఆ యువకుడు ఇల్లు చేరెను. ఆపై గ్లోబు స్వదేశమునకు సాగిపోయెను. ఫ్లోరిసు 1615లో లండను చేరిన స్వల్పకాలమునకే మరణించెను. వసూలు చేసిన సొమ్మును అనుభవించుటకు అతనికి ఆయువు చాలలేదు.

ఈ కథలో తప్పెవ్వరిది? ఫ్లోరిసు దినచర్యను చదివిన ఆంగ్లచరిత్రకారులు అతని ధైర్యమును మెచ్చుకొందురు. ధైర్యమేమో నిజమే, కాని బాకీకి బాకీదారుని కొడుకును ఎత్తుకొనిపోవుట దొంగల నీతియేగాని వర్తకుల నీతి కాదు. ఏ ధర్మశాస్త్రమున చూచినను అది దండనార్హము. అయినను మన పక్షమున నున్న లోపమును కప్పిపుచ్చరాదు. ఆడిన సుంకమును మార్చి, తీసికొన్న సొమ్మును ఎగవేసి, రాజముద్రకు మాయని మచ్చ తెచ్చిన యధికారులే ఆ బల్లెములు గోడకు ఆనియుండగా వాకిలి తెఱచినవారు. గోడకు ఆనించిన బల్లెము వంటిదే చెల్లింపని చీటి. కావలసినప్పుడు రెండును అక్కఱకు రావు. పరదేశి తన బలముచేత మాత్రమే ఈ దేశమున నిలువలేదు. మన లెక్కలలోని తప్పులును అతనికి తెడ్లయ్యెను.

ఆ పిమ్మట బందరు మఱి ముప్పది నలువది యేండ్లు మహోన్నత దశయందుండెను. గోలకొండ సుల్తానునకు స్వంతముగా పెద్ద ఓడలు కలవు. 1652లో తావెర్నియే పారసీకమునుండి బందరునకు వచ్చినది అట్టి ఓడమీదనే. దారిలో తుపాను పట్టి ఓడలో నీరు నిండగా, సరకులోనున్న తోళ్ళతో బొక్కెనలు కుట్టి నీరు తోడిపోసి ప్రాణములు దక్కించుకొనిరని అతడు వ్రాసెను. అంత శ్రమపడి వచ్చినవాడును బంగాళాఖాతమున బందరు లంగరుపట్టే మేలైనదని మెచ్చెను. పెగూ, సయాము, అరకాను, మక్కా, హురుముంజి మొదలగు చోట్లకు ఇచ్చటనుండి ఓడలు పోవుచుండెడివి. ఆ ఓడలకు సరకు మోసిన యెద్దుల గంటలు హయత్‌నగరు సరాయిలో తెల్లవాఱుజామున మ్రోగుచుండెడివి. కలంకారి వస్త్రములు, వజ్రములు, ఉక్కు క్రిందికి పోయెడివి. గుఱ్ఱములు, సుగంధద్రవ్యములు, బంగారము మీదికి వచ్చెడివి.

1641లో ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును మద్రాసునకు మార్చుకొనిరి. 1687లో గోలకొండ మొగలాయీల వశమయ్యెను. రాజధాని చల్లబడగా రేవును చల్లబడెను. 1759లో బందరు కోట ఫ్రెంచివారినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో సముద్రము ఉప్పొంగి ఊరిని ముంచివేయగా ముప్పదివేల జనులు మడిసిరి. ఆనాటి నీరు పోటు కాదు, ప్రళయము. ఓడలు ఆవిరితో నడచుచు మఱింత పెద్దవియు మఱింత లోతువియు నైనకొలది, వానికి బందరు నీరు చాలకపోయెను. ఉప్పుటేరు పూడినది. మాటతోడను పోటుతోడను నిలిచిన రేవు, రెండును తగ్గగా చిన్నబోయినది.

అయినను కథ ముగియలేదు. 2023లో బందరున క్రొత్త నౌకాశ్రయ నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. పూర్వులు పోటుకొఱకు వేచియుండిరి. ఇప్పటివారు యంత్రములతో నేల త్రవ్వి లోతు తెచ్చుకొందురు. త్రవ్విన కాలువలో నదులు మరల ఒండ్రు పోయక మానవు. కావున సముద్రముతోడి లెక్క ఒకనాడు కట్టి మూసివేయునది కాదు. ఏటేట తిరిగి వ్రాయవలసినది.

పూనానుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణము చేరు అఱువదియైదవ సంఖ్య జాతీయరహదారి నేడును హయత్‌నగరమునుండియే పోవుచున్నది. ఎద్దుల గంటలు పోయి వాహనముల కూతలు వచ్చినవి. సరాయిలో దిగువారు లేరు. కాని తూర్పుగా ముఖము పెట్టి ఆ బాటమీద నిలుచుండిన బాలునకు, దీని కొసయందు కడలి కలదనియు, ఆ కడలిమీద లోతైన యోడలు మన పల్లెవారి చదునుపడవలకొఱకు చేతులు సాచి నిలిచిన కాలమొకటి కలదనియు, ఒక యడుగు నీటిమీద ఒక యోడ బ్రతుకును, ఒక మాటమీద ఒక రేవు బ్రతుకును ఆధారపడి యుండెననియు చెప్పువారుండవలెను. పూర్వము ఆ పని సరాయి చేసినది. నలుదేశముల బాటసారులు ఒక్క తిన్నెమీద కూర్చుండి, తాము చూచినదానిని ఒకరికొకరు చెప్పుకొనిరి. ఇప్పుడా పని గ్రంథాలయమునకు సంక్రమించినది. తావెర్నియేయు, ఫ్లోరిసును, గణపతిదేవుని శిల్పియు ఒక్క బల్లమీద కలిసికొను చోటు ఇంకెచ్చట కలదు? ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున తెఱచియున్న ఆ తలుపు పాటు తెలియని రేవై, వచ్చిన ప్రతి చదువరికిని వలసినంత లోతు నిచ్చుచు, చిరకాలము వర్ధిల్లుగాక.